చలికాలం పొద్దున్నే కారు మొరాయిస్తోందా? లక్షణాన్ని బట్టి కారణం, చేయాల్సిన పని

డిసెంబరు వచ్చిందంటే విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా పొద్దున్నే వీధికో కారు పది నిమిషాలు ఊరికే స్టార్టింగ్‌లో ఉంటుంది. "ఇంజిన్ వేడెక్కాలి కదా" అంటారు. ఇది కార్బ్యురేటర్ బళ్ల నాటి అలవాటు. అంబాసిడర్‌కైనా తొలినాటి మారుతి 800కైనా చోక్ లాగి కాసేపు ఉంచకపోతే ఇంజిన్ ఆగిపోయేది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆ లోటు తీర్చడానికి చోక్ కొంచెం ఎక్కువ పెట్రోలు పంపేది. ఇప్పటి కార్లలో ఇంజిన్ ఎంత చల్లగా ఉందో సెన్సార్ చూసి చెబుతుంది, ఎంత ఇంధనం కావాలో కంప్యూటరే లెక్క వేసుకుంటుంది.

పైగా మన మైదాన ప్రాంతంలో జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అని ఉంటుంది చూడండి, ఆ డబ్ల్యూ చలికాలపు గుర్తు. చిక్కగా ఉండే 20డబ్ల్యూ రకాన్నే మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 దగ్గర. కాబట్టి మన చలికి కారు మొరాయిస్తోందంటే ఏదో ఒక భాగం ముందే బలహీనపడింది. దాన్ని వెతకాలి.

సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది, లేదా టక్ టక్ అని ఆగిపోతోంది

ముందు బ్యాటరీని అనుమానించండి. బ్యాటరీని అసలు పాడు చేసేది మన ఎండాకాలం. మే నెల వేడికి లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి, చలికి శక్తి ఇంకొంచెం తగ్గేసరికి ఆ దెబ్బ బయటపడుతుంది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఈ అనుమానం మరీ గట్టిది.

రాత్రంతా ఆగి ఉన్న కారులో పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ మార్చే సమయం వచ్చింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వరకు రావాలి. అంత రాకపోతే లోపం బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు ఉండొచ్చు, కొత్త బ్యాటరీ కొన్నా అదే కథ.

డబ్బు ఖర్చు పెట్టే ముందు టెర్మినల్స్ చూడండి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో తుప్పు తొందరగా పడుతుంది. ముందు మైనస్ విప్పి, తర్వాత ప్లస్ విప్పాలి. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో బ్రష్ చేసి, బాగా ఆరాక ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించాలి. పైన కొంచెం వాసెలిన్ రాస్తే చాలు.

పిల్లలు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కారు వారాల తరబడి కదలకుండా ఉండే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లు రెండు రోజులకోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. దయచేసి ఆ పని మానండి. స్టార్ట్ చేయడానికి ఖర్చైన చార్జి ఐదు నిమిషాల ఐడ్లింగ్‌లో (నిలబెట్టి ఇంజిన్ నడపడంలో) తిరిగి రాకపోవచ్చు. వారానికోసారి అరగంట రోడ్డు మీద నడిపించండి.

సెల్ఫ్ హుషారుగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు

పెట్రోలు కారైతే ఒక చిన్న పరీక్ష ఉంది. తాళం 'ఆన్' వరకు తిప్పి మూడు సెకన్లు ఆగండి, ఆఫ్ చేసి మళ్లీ అలాగే చేయండి, అప్పుడు స్టార్ట్ చేయండి. బటన్ స్టార్ట్ అయితే బ్రేక్, క్లచ్ తొక్కకుండా బటన్ నొక్కితే (చాలా కార్లలో రెండుసార్లు) ఇగ్నిషన్ ఆన్ అవుతుంది. ఇలా చేసినప్పుడు వెంటనే అందుకుంటే రాత్రిపూట ఫ్యూయల్ లైన్‌లో ప్రెషర్ దిగిపోతోందన్నమాట. పంపులోని వాల్వ్ గానీ ఇంజెక్టర్ గానీ కారుతోందేమో చూపించాలి. తేడా లేకపోతే స్పార్క్ ప్లగ్‌లు, ఆ తర్వాత కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సార్ చూపించాలి. ఆ సెన్సార్ తప్పు చెబితే చల్లటి ఇంజిన్‌ని వేడిగా ఉందనుకుని కంప్యూటర్ తక్కువ పెట్రోలు పంపుతుంది. స్కానర్ పెడితే తెలిసిపోతుంది.

డీజిల్‌లో మీటర్ మీద పసుపు రంగు కాయిల్ గుర్తు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి. ఆగినా ఇబ్బంది పెడుతూ, స్టార్ట్ కాగానే ఇంజిన్ వణుకుతూ తెల్ల పొగ వదులుతుంటే హీటర్ ప్లగ్‌లలో ఒకటో రెండో పోయి ఉంటాయి.

స్టార్ట్ కాగానే ఆర్‌పీఎం 1200, 1500 దాకా లేస్తోంది

రిపేరు అక్కర్లేదు, అది కంప్యూటర్ చేస్తున్న వార్మప్. అరనిమిషం చాలు. ఆ లోపు ఆయిల్ పైదాకా చేరుతుంది, సీటు బెల్టు పెట్టుకోవడం, అద్దాలు సర్దుకోవడం కూడా అయిపోతాయి. ఇక బయలుదేరండి. కదలకుండా నిలబెడితే ఇంజిన్ నెమ్మదిగా వేడెక్కుతుంది, గేర్‌బాక్స్, టైర్లు అసలే వేడెక్కవు. నడిపిస్తే అన్నీ కలిసి వేడెక్కుతాయి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు 2000, 2500 ఆర్‌పీఎం దాటనివ్వకండి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కకండి. మీటర్‌లో నీలం రంగు టెంపరేచర్ లైటు వచ్చే కారైతే అది ఆరేదాకా ఈ జాగ్రత్త చాలు. నిలబెట్టి రేస్ ఇవ్వడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఆయిల్ ఇంకా చిక్కగా ఉన్నప్పుడు ఇంజిన్‌కీ టర్బోకీ దానివల్ల అరుగుదలే.

అద్దం మసకబారిందని ఆగి ఉన్నారా? లోపలి మసక అయితే ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పండి, బయటి గాలి వచ్చేలా పెట్టండి. బయటి మంచుకి వైపర్ చాలు.

సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి, నీటి చుక్కలు

పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది, చల్లటి గొట్టంలో అది నీరవుతుంది. కాసేపటికి తగ్గిపోతే మర్చిపోండి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగక, కూలెంట్ తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం. అలాంటి బండిని నడపకుండా మెకానిక్‌ని పిలవండి. స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వచ్చి పోతుంటే వాల్వ్ సీల్స్ అరిగాయి.

ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి తెల్లటి జిగురు

కూలెంట్ కూడా తగ్గుతుంటే వెంటనే చూపించండి. తగ్గకపోతే కారణం దాదాపుగా చిన్న ప్రయాణాలే. ఇంటి నుంచి గంటస్తంభం దాకా వెళ్లి తిరిగి రావడంతో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరై పోదు. శ్రీకాకుళం వాళ్లు ఆదివారం అరసవల్లితో ఆపకుండా శ్రీకూర్మం దాకా, విజయనగరం వాళ్లు భీమిలి దాకా వెళ్లి వస్తే ఆ తేమ పోతుంది. బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ కార్లకు ఇది ఇంకా ముఖ్యం. పొగ గొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్‌లో పేరుకున్న మసి హైవే మీద నిలకడగా నడిపితేనే బాగా కాలిపోతుంది. పొద్దున్నే ఐడ్లింగ్‌లో పెడితే ఇంకా పేరుకుంటుంది.

ఎంత దూరం నడిపినా టెంపరేచర్ సూది పైకి రావడం లేదు

థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వ్, తెరుచుకుని ఉండిపోయింది. మామూలుగా అది 82 నుంచి 88 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకోవాలి. మైలేజీ కూడా తగ్గి ఉంటుంది. "మనది వేడి ఊరు, తీసేద్దాం" అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి, కొత్తది వేయించండి.

షెడ్డులో స్టార్ట్ చేసి ఉంచితే తలనొప్పి, కళ్లు తిరగడం

ఇది కారు జబ్బు కాదు, ప్రాణాపాయం. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన లేవు. షట్టర్ సగం ఎత్తినా చాలదు. మనిషిని వెంటనే బయటి గాలికి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. స్టార్ట్ చేయగానే కారును బయటికి తీసేయడమే ఎప్పుడూ పద్ధతి.

అరకులో రాత్రి ఆగితే

ఎస్.కోట మీదుగా పైకి వెళ్లే వాళ్లకు అక్కడ అసలైన చలి తగులుతుంది, 10 డిగ్రీల లోపుకి దిగడం మామూలే. అక్కడ కూడా ఒక నిమిషం మించి నిలబెట్టనక్కర్లేదు. బయలుదేరే ముందురోజే బ్యాటరీ, కూలెంట్ చూసుకోండి. కూలెంట్ బదులు వట్టి కుళాయి నీళ్లు పోసి నడుపుతున్న బండి అయితే ఘాట్ ఎక్కకముందే మార్పించండి.