చెన్నైలో పాత వీణ కొనేముందు

పాత వీణ ఎదురుగా ఉన్నప్పుడు కన్ను మెరుగు మీదికి, దండి చివర చెక్కే యాళి (సింహం లాంటి మృగం) ముఖం మీదికి పోతుంది. దాన్ని ముందు చెక్క మీదికి మళ్లించాలి. తీగలు, స్వరాల కోసం తీగను నొక్కే లోహపు మెట్లు, అవి నిలిచే మైనం, తీగలు బిగించే బిరడాలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కుండ (నాదం మోగే గుండ్రటి భాగం), దండి (మెట్లు ఉండే పొడవాటి భాగం) పోతే వీణే పోయినట్టు.

పల్లావరం శుక్రవారం సంతలో దొరికినా, మైలాపూరులో ఒకరి ఇంటి అటక మీంచి దిగినా, చూసే తీరు ఒకటే. చేతిలో చిన్న టార్చి, కొలత టేపు, సన్నని దారం, తెల్ల కాగితం ఉండాలి. ఇక్కడి పనివాళ్లు తమిళంలో మాట్లాడతారు కనుక నాలుగు మాటలు తెలిసి ఉంటే బేరం తేలికవుతుంది: కుండను కుడం అంటారు, మైనాన్ని మెళుగు అంటారు, కుండ మీద తీగలు ఆనే గుర్రం వాళ్లకు కుదిరై, పనస చెక్క పలా మరం.

ముందు దండి చూడండి. మేరువు (బిరడాల వైపు తీగలు ఆనే పట్టీ) నుంచి గుర్రం దాకా దారం బిగించి పక్కనుంచి చూస్తే దండి ఎంత వంగిందో తెలుస్తుంది. కాస్త వంపు ఉంటే మైనం ఎత్తు సవరించి సరిచేయొచ్చు. ఎక్కువగా వంగితే పై స్థాయి మెట్ల దగ్గర తీగ ఎత్తుగా నిలిచి, నొక్కగానే స్వరం పైకి జారుతుంది. అలాంటి వీణ ఎంత చవకైనా వద్దు. దండి కుండను కలిసే చోటే ఎక్కువగా విరుగుతుంది. అక్కడ కొత్త రంగు, కొత్త నగిషీ పట్టీ కనిపిస్తే దాని కింద ఏముందో అడగాలి. కుండను వేలి గణుపుతో చుట్టూ తట్టండి. ఒక్కచోట మొద్దుగా మోగినా, చిరచిరలాడినా అక్కడ పగులో, ఊడిన జిగురో ఉంటుంది.

ఏకాండ వీణ అని చెప్పి ఎక్కువ ధర అడిగేవాళ్లు చాలామంది. ఏకాండ వీణలో కుండ, దండి, యాళి తల ఒకే పనస మొద్దు నుంచి వస్తాయి. అందుకే కుండ అడుగున చెక్క గీతలు దండిలోకి తెగకుండా సాగుతాయి. విడి ముక్కలు అతికి చేసిన అతుకు వీణలో ఆ గీతలు పట్టీ దగ్గర తెగిపోతాయి. అతుకు వీణ నకిలీ కాదు, బాగా మోగేవి ఎన్నో ఉన్నాయి. ధర మాత్రం అతుకు వీణ ధరే ఇవ్వాలి. బొబ్బిలి, నూజివీడు వీణలకూ ఈ పరీక్షే.

వయసును మెరుగు చూసి లెక్క కట్టకండి. పనస చెక్క కోసినప్పుడు పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగు పూసి పాతదనం తెచ్చిన వీణలో బిరడాల పెట్టె లోపలో, గుర్రం కింద చెక్కో లేత పసుపుగానే మిగులుతుంది. గుర్రం పక్కన మరో గుర్రం అచ్చు కనిపిస్తే దాన్ని జరిపారని అర్థం. మేరువు నుంచి గుర్రం దాకా కొలిస్తే 12వ మెట్టు దాదాపు సగంలో ఉండాలి.

పురుగు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పనస చేవను పురుగు అంతగా ముట్టదు, లేత రంగు పైచెక్కలో మాత్రం చేరుతుంది. సన్నని రంధ్రాలు కనిపిస్తే వీణ కింద తెల్ల కాగితం పరిచి మూడు రోజులు ఆగండి. కొత్తగా పొడి రాలితే పురుగు బతికే ఉంది. అలాంటిదాన్ని ఇంట్లోని మిగతా వాద్యాల దగ్గరికి తేకూడదు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైంది దంతం విషయంలో. పాత తంజావూరు, మైసూరు వీణల నగిషీలో ఏనుగు దంతం, దుప్పి కొమ్ము తరచూ కనిపిస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం అమ్మడం, కొనడం నేరం. యాజమాన్య ధ్రువపత్రం ఉన్నా అమ్మకూడదు. వారసత్వంగా వస్తే అటవీ శాఖను అడిగి పత్రాలు సరిచూసుకోండి. దంతం అంచున అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే సన్నని గీతలు ఉంటాయి, ఎముకలో చిన్న నల్లచుక్కలు ఉంటాయి. దంతంలా కనిపించే పాత ప్లాస్టిక్ సెల్యులాయిడ్‌ను బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. కాల్చిన సూదితో మాత్రం పరీక్షించకండి, సెల్యులాయిడ్ భగ్గుమని అంటుకుంటుంది. అనుమానం తీరకపోతే ఆ వీణను వదిలేయండి. అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: నూరేళ్లు దాటిన వీణ పురావస్తు చట్టం లెక్కలో పురావస్తువు, దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. అంతకు తక్కువ వయసుదైతే పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ నుంచి ముందుగా ధ్రువపత్రం తీసుకోవాలి.

ఇంటికి తెచ్చేటప్పుడు ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి మెట్లు పక్కకు ఒరుగుతాయి. శుభ్రం చేయడానికి బాగా పిండిన మెత్తని గుడ్డ చాలు. పాత లక్క మెరుగును గీకేస్తే మళ్లీ రాదు. మెట్ల మీది పచ్చని చిలుము వేళ్లకు రాసుకున్న కొబ్బరినూనె వల్ల పుట్టేది. దాన్ని వెదురు పుల్లకు చుట్టిన గుడ్డతో తీయండి. చింతపండు వద్దు, పులుసు మైనంలోకి, చెక్కలోకి దిగుతుంది. బిరడ జారుతుంటే సుద్దపొడి, బిగుసుకుంటే కాస్త పొడి సబ్బు రాయండి.

ఏళ్లుగా తీగలు లేని వీణను ఒక్కరోజులో శ్రుతికి ఎక్కించకూడదు. శ్రుతి అంకె పెరిగేకొద్దీ తీగల బిగువు పెరుగుతుంది కనుక, 2½ శ్రుతిలో వాయించాలనుకుంటే ముందు 1 శ్రుతి దగ్గర ఒక వారం ఉంచి, రోజూ దారంతో దండి వంపు కొలవండి. వంపు పెరగకపోతే అర అర శ్రుతి చొప్పున పెంచండి. తేడా కనబడితే వెంటనే తీగలు సడలించి పనివాడిని పిలవండి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి మెట్లు నిలిపే మేళం పని, తీగల లాగుడుకు చెక్క కుదురుకున్నాకే చేయించాలి. ముందే చేయిస్తే దండి కదిలినప్పుడు మెట్లన్నీ తప్పుతాయి, డబ్బు రెండుసార్లు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మేళం పెట్టించకపోవడమే మేలు. ఆ తేమకు ఉబ్బిన చెక్క వేసవిలో కుంచించుకుంటుంది, పెట్టిన స్వరస్థానాలు మళ్లీ జరుగుతాయి.