రొమ్ము ఆపరేషన్ తర్వాత గాయం చెడకుండా: ముందు డ్రెయిన్ డబ్బా చూడండి

రొమ్ము తీసేసిన తర్వాత చాలామందిని చంక దగ్గర గాయంలో చేరే నీటిని బయటికి లాగే పైపుతో (డ్రెయిన్), దాని చివర నొక్కితే ముడుచుకునే డబ్బాతో ఇంటికి పంపుతారు. లోపలి తేడా తరచుగా ముందు ఆ డబ్బాలోనే తెలుస్తుంది. రోజూ ఒకే టైముకు ఎన్ని ఎంఎల్ వచ్చిందో, ఏ రంగులో ఉందో తేదీ వేసి రాయండి.

నిన్న 120 ఎంఎల్, ఇవాళ 10
సంబరపడొద్దు. మానుతున్న గాయంలో నీరు మెల్లగా తగ్గుతుంది, ఎరుపు పోయి పసుపుకు తిరుగుతుంది. ఒక్కసారిగా ఆగిందంటే పైపు మడతపడిందో, రక్తపు గడ్డ అడ్డుపడిందో చూడాలి. చేతులు సబ్బుతో కడుక్కొని, చర్మం దగ్గర పైపును ఒక చేత్తో కదలకుండా పట్టుకోండి. రెండో చేతి వేళ్లతో పైపును నొక్కుతూ డబ్బా వైపు జరపండి. దవాఖానలో నర్సు చేసి చూపించాకే ఇది చేయాలి. అయినా రాకుండా, ఛాతీ ఉబ్బితే అదే రోజు వెళ్లండి.

నొక్కిన డబ్బా వెంటనే పొంగుతోంది
మూత సరిగ్గా పడలేదు, లేదా పైపు రంధ్రం చర్మం బయటికొచ్చి గాలి పీలుస్తోంది. మొదటిదైతే పైపుకు క్లిప్పు వేసి, మూత తెరిచి, డబ్బా నొక్కి, మూత బిగించి, క్లిప్పు తీస్తే సరి. రెండోదైతే పైపును లోపలికి నెట్టకండి, సర్జన్‌కు చూపించండి.

చిక్కటి ఎర్ర రక్తంతో డబ్బా గంటల్లోనే నిండుతోంది, చర్మం బిగుసుకుంటోంది
లోపల రక్తం కారుతోంది. ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జరుగుతుంది. ఏటూరునాగారంలో ఉన్నా భూపాలపల్లిలో ఉన్నా పొద్దున బస్సు కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

డ్రెయిన్ తీశాక నీళ్ల సంచిలా ఉబ్బు
రోజుకు 30 ఎంఎల్ లోపు, వరసగా రెండు రోజులు వస్తే సాధారణంగా డ్రెయిన్ తీస్తారు. ఆ తర్వాతా నీరు చేరవచ్చు. కొద్దిగా ఉంటే దానంతటదే ఇంకుతుంది. ఎక్కువైతే సర్జన్ సిరంజితో లాగుతారు, ఒక్కోసారి రెండు మూడు సార్లు. ఊళ్లో ఆర్‌ఎంపీతో సూది పెట్టించారంటే మామూలు నీటిలోకి క్రిములు ఎక్కించుకున్నట్టే.

ఎరుపు, వేడి, చీము, వాసన
ఇన్‌ఫెక్షన్. ఎరుపు అంచు వెంట పెన్నుతో గీయండి. గీత దాటితే పాకుతున్నట్టు. పసుపు, వేపాకు, పౌడరు వద్దు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనొద్దు. 100.4 డిగ్రీల జ్వరం వస్తే అదే రోజు దవాఖానకు. కీమో (క్యాన్సర్ మందులు) నడుస్తుంటే రాత్రయినా సరే.

కుట్ల అంచు నల్లబడింది
అక్కడికి రక్తం అందడం లేదు. షుగర్, పొగాకు దీన్ని పెంచుతాయి. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే బీడీ, సిగరెట్ మానాలి. ఇంట్లోవాళ్లూ పక్కన కూర్చుని తాగొద్దు. నల్ల పొరను గిల్లకండి, అది తీయాలో ఉంచాలో సర్జన్ చెబుతారు.