క్రోషా నేర్చుకుందాం – మూడో పాఠం: సింగిల్ క్రోషా, వరస చివరి కుట్టు

కిందటి పాఠంలో జారుముడి వేసి గొలుసు అల్లాం. గొలుసు సమంగా వచ్చేదాకా రెండు మూడు రోజులు అదే పని చేయమన్నాను. ఇప్పటికీ ఒక గొలుసు లావుగా, ఒకటి సన్నగా వస్తున్నా పరవాలేదు, ఈ పాఠం మొదలుపెట్టేయండి. కుట్లు వేసేకొద్దీ చేయి దానంతటదే కుదురుకుంటుంది. గొలుసు మీదే కూర్చుంటే విసుగొచ్చి సూది పక్కన పడేస్తారు.

ఈసారి నేర్చుకునేది సింగిల్ క్రోషా. పొట్టి కుట్టు, గట్టి కుట్టు. సంచులు, బుట్టలు, టేబుల్ మ్యాట్లు, పిల్లల బొమ్మలు ఎక్కువగా దీనితోనే అల్లుతారు. కుట్టు వేయడం గంటలోపే వచ్చేస్తుంది. వరస మొదట్లో, చివర్లో ఏం చేయాలో తెలియకే చాలామంది మానేస్తారు. నేనూ అక్కడే ఆగిపోయేదాన్ని.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను సోంపేట దగ్గర మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. పగలంతా పెరట్లో విరిగిన కొమ్మలు ఎత్తడంతోనే సరిపోయేది. సాయంత్రం వెలుతురున్న కాసేపు అరుగు మీద కూర్చోబెట్టి పెద్దమ్మ నా చేత క్రోషా సూది పట్టించింది. జానెడు వెడల్పున మొదలుపెట్టిన ముక్క పైకి వెళ్ళేకొద్దీ సన్నబడి, మూడో రోజుకి ముక్కోణమైంది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఏటే గుంటా, వరస చివర కుట్టు మింగేసినావు. లెక్కెట్టుకోనేదేటి?" అంది. తప్పు ఎక్కడో వేలు పెట్టి చూపించి, దారం కొస పట్టుకుని మొత్తం లాగేసింది. మూడు సాయంత్రాల పని. నాకు ఏడుపొచ్చింది. "దారం ఎక్కడికీ పోనేదు కదే" అని అదే దారం ఉండ చుట్టి మళ్ళీ నా చేతిలో పెట్టింది.

ఆ మాట ఈ పనికి ఎంత సరిగ్గా సరిపోతుందో తర్వాత అర్థమైంది. బారువ తీరంలో వల అల్లేవాళ్ళని చూస్తే ప్రతి కన్ను దగ్గరా ముడి వేస్తారు, బిగిస్తే అది కదలదు. పొందూరు ఖద్దరులో పడుగు ఒకవైపు, పేక ఇంకోవైపు వెళ్తూ ఒకదాన్నొకటి దాటుతాయి. క్రోషాలో ఉన్నది ఒకే దారం. తన లూపులోంచి తానే బయటికొస్తూ బట్ట అవుతుంది. మొదట వేసిన జారుముడి తప్ప ఇంకో ముడి లేదు. అందుకే తప్పు జరిగిన చోటిదాకా లాగి, ఆ లూపులో సూది పెట్టి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఊడదీయడాన్ని ఓటమి అనుకోకండి. అది ఈ పనిలో ఒక భాగం.

సామాను మొదటి పాఠంలో చెప్పిందే: 4 మిల్లీమీటర్ల సూది, మధ్యరకం మందం దారం, లేత రంగు. నలుపు, ముదురు నీలం వద్దు, కుట్టు కనబడదు. మన కోస్తా ఉక్కపోతలో అరచేయి చెమట పట్టి అక్రిలిక్ ఊలు వేళ్ళకి పట్టేస్తుంది. కాటన్ దారం అయితే హాయిగా జారుతుంది. ఈ పాఠానికి అదనంగా కావలసింది ఒక పిన్నీసు.

జారుముడి వేసి 17 గొలుసులు అల్లండి. ముడినీ, సూది మీద ఉన్న లూపునీ లెక్కలోకి తీసుకోకూడదు. ఇప్పుడు సూది పక్కనున్న మొదటి గొలుసు వదిలేసి రెండో దాంట్లో సూది గుచ్చండి. దారాన్ని వెనక నుంచి సూది మీదుగా ముందుకు తెచ్చి, కొక్కేనికి తగిలించి, గొలుసులోంచి ఇవతలికి లాగండి. సూది మీద రెండు లూపులుంటాయి. మళ్ళీ దారం సూది మీదుగా వేసి, ఈసారి రెండు లూపుల్లోంచీ ఒకేసారి లాగేయండి. ఒక్క లూపు మిగులుతుంది. సింగిల్ క్రోషా అంటే ఇంతే.

మొదట్లో నోటితో లెక్క చెప్పుకోండి: ఒకటి, రెండు, ఒకటి. మొదలుపెట్టేటప్పుడు సూది మీద ఒక లూపు, మధ్యలో రెండు, అయ్యాక ఒకటి. కుట్టు పూర్తయ్యాక రెండు లూపులు కనబడితే చివరి లాగుడు ఒకదాంట్లోంచే వచ్చిందన్నమాట. పక్క గొలుసులోకి వెళ్ళి ఇలాగే కుట్టండి. గొలుసు చివరికి వచ్చేసరికి 16 కుట్లు ఉండాలి. ముందు ఒక గొలుసు వదిలేశాం కదా, అందుకే 17కి 16.

దారం ఎప్పుడూ సూది పైనుంచే రావాలి. సూదిని దారం మీదుగా పోనిచ్చి కొక్కెంతో కింద నుంచి లాగినా కుట్టు పడుతుంది. కాకపోతే అది మెలిక తిరిగి ఇంటూ గుర్తులా బిగుతుగా కూర్చుంటుంది. బొమ్మలు చేసేవాళ్ళు కొందరు కావాలనే అలా వేస్తారు. తప్పేం కాదు, కానీ ఒక వరస అలా, ఒక వరస ఇలా వస్తే బట్ట తేడాగా కనిపిస్తుంది. నేర్చుకునేటప్పుడు ఒకే పద్ధతి పట్టుకోండి.

సూది దూరడం లేదు, వేళ్ళు నొప్పి పుడుతున్నాయి అంటే దారం బిగించేస్తున్నారని అర్థం. కొత్త పని కదా, టెన్షన్ అంతా చేతిలోకి వచ్చేస్తుంది. కొక్కెం కింద సూది మెడ సన్నగా ఉంటుంది చూశారా, లూపులు అక్కడ బిగుసుకుంటే చిన్నవైపోతాయి. ప్రతి లూపునీ ఇంకొంచెం వెనక్కి, సూది లావుగా ఉన్న చోటికి జరపండి. లూపు కొలత అక్కడే తేలాలి. గొలుసు అంచు మాత్రమే విల్లులా వంగితే కుట్లు బాగానే ఉన్నాయి, గొలుసు బిగువైంది. ఈసారి గొలుసు వరకు ఒక సైజు పెద్ద సూది వాడండి.

ఇక చివర సంగతి.

మొదటి వరస అయ్యాక ఒక గొలుసు వేసి, ముక్కని పుస్తకం పేజీలా తిప్పండి. ఈ గొలుసు ఎత్తు కోసమే. సింగిల్ క్రోషాలో దీన్ని కుట్టుగా లెక్కపెట్టం. ముక్క పై అంచు చూడండి, అల్లిన జడలా ఉంటుంది. జడలో పక్కపక్కనే ఉన్న రెండు పాయలు కలిసి ఒక కుట్టు. సూది ఆ రెండు పాయల కిందుగా దూరాలి. ఒక్క పాయ కిందే దూరిస్తే చారల్లా వేరే నేత వస్తుంది, దాని గురించి ఇంకో పాఠంలో చూద్దాం.

మొదటి కుట్టు ఎందులో వేయాలి? తిప్పగానే అంచున కనిపించే మొట్టమొదటి జతలోనే. అది తిప్పిన గొలుసుకి ఆనుకుని ఉండటంతో "ఇది అయిపోయిన కుట్టే కదా" అనిపిస్తుంది. అనిపించి రెండో దాంట్లోకి వెళ్ళిపోతాం. అక్కడ ఒకటి పోయింది. అలాగే వరస చివరి కుట్టు కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. సరిగ్గా కనబడక, అయిపోయిందనుకుని తిప్పేస్తాం. అక్కడ ఇంకొకటి. రెండు చివర్లా ఇలా పోతుంటే ఎనిమిది వరసలకల్లా 16 కుట్లూ కరిగిపోతాయి. నా ముక్కోణం కథ ఇదే. కొందరికి దీనికి తిరుగుడు జరుగుతుంది. తిప్పిన గొలుసులో కూడా ఒక కుట్టు వేసేసి వరస వరసకీ ఒకటి పెంచుకుంటూ పోతారు, ముక్క చేటలా విచ్చుకుంటుంది.

దీనికి మందు పిన్నీసు. వరసలో మొదటి కుట్టు వేయగానే దాని పై జతకి పిన్నీసు పెట్టండి. వరస పూర్తిచేసి తిప్పి వెనక్కి వచ్చేటప్పుడు, పిన్నీసు ఉన్న కుట్టే మీ చివరి కుట్టు. పిన్నీసు తీసి అందులో కుట్టి, తిప్పి, కొత్త వరస మొదటి కుట్టుకి మళ్ళీ పెట్టండి. వరస అయిన ప్రతిసారీ పైనున్న జతలు లెక్కపెట్టండి. 16 ఉంటేనే ముందుకెళ్ళండి. 15 వస్తే "తర్వాతి వరసలో ఒకటి కలిపేద్దాం" అనుకోవద్దు. ఊడదీసి సరిచేయండి, ఒక్క వరసే కదా. పది వరసల తర్వాత పిన్నీసు లేకుండానే మీ కన్ను ఆ చివరి కుట్టుని పట్టేస్తుంది.

ఎడమచేతి వాళ్ళకి పద్ధతి అంతా ఇదే, దిశ మాత్రం తిరగబడుతుంది. కుడిచేతి వాళ్ళు కుడి నుంచి ఎడమకి కుడితే, మీరు ఎడమ నుంచి కుడికి వెళ్తారు. నేర్పేవాళ్ళకి ఎదురుగా కూర్చుని చూస్తే అద్దంలో చూసినట్టు తేలిగ్గా అర్థమవుతుంది.

వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళకి ఒక మాట. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషా అనేదాన్నే బ్రిటిష్ వాళ్ళు డబుల్ క్రోషా అంటారు. అమెరికా డబుల్ వేరే, అది పొడుగు కుట్టు. డిజైన్ కాగితంలో ఏ దేశపు లెక్కో ముందు చూడకపోతే రుమాలు కొలత తలకిందులైపోతుంది. నా పాఠాలన్నిట్లో అమెరికా పేర్లే వాడుతున్నాను.

ఈ వారం పని: 16 కుట్ల వెడల్పున 18 వరసలు. ముక్క కాస్త అటూ ఇటూగా చదరంగా వస్తుంది. నా చేతికి పక్కకి 10 సెంటీమీటర్ల దాకా తేలుతుంది, మీ బిగువుని బట్టి మారుతుంది. అయ్యాక జానెడు దారం వదిలి కత్తిరించి, ఆ కొసని చివరి లూపులోంచి లాగేయండి. మిగిలిన కొసని బెజ్జం పెద్దగా ఉన్న మొద్దు సూదికి ఎక్కించి, కుట్ల మధ్యలోంచి ఒకసారి అటు, ఒకసారి ఇటు దూర్చి దాచేయండి. కొస దగ్గరగా కత్తిరిస్తే నాలుగు ఉతుకులకి బయటికొచ్చేస్తుంది.

ఆ ముక్క పారేయకండి. వచ్చే పాఠంలో దాని నాలుగు వైపులా అంచు కుట్టి, మూల తిప్పడం నేర్చుకుంటూ, వేడి టీ గ్లాసు కింద పెట్టుకునే మ్యాట్‌గా చేద్దాం.