లేబర్ షెడ్లలో హెచ్‌ఐవీ సెల్ఫ్‌టెస్ట్ కిట్లు పంచే ముందు జాగ్రత్తలు

ప్రపంచ ఎయిడ్స్ దినం, డిసెంబరు 1 దగ్గర పడుతోంది. బెంగళూరు సైట్లలో మనవాళ్లకు కిట్లు ఇచ్చేవాళ్లు ఇవి చూసుకోండి.

మేస్త్రీ చేతికి కిట్లు ఇవ్వొద్దు. పనీ, అడ్వాన్సూ అతని దగ్గరే ఉంటాయి కాబట్టి కూలీలు వద్దనలేరు. ఉద్యోగం కోసం ఈ పరీక్ష అడగడాన్ని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. కిట్ కావాలా అని భార్యాభర్తలనూ విడివిడిగా అడగండి.

రెండు గీతలొస్తే జబ్బు ఖాయమైనట్టు కాదు. ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో) ఉచితంగా నిర్ధారించుకోవాలి. దగ్గరి కేంద్రం చిరునామా, 1097 (ఎయిడ్స్ హెల్ప్‌లైన్) నంబరు తెలుగులో రాసి కిట్‌తోనే ఇవ్వండి. కిట్లు ఇచ్చిన రాత్రి ఫోనెత్తే మనిషి లేకపోతే పంపిణీ ఆపేయండి.

ఒక్క గీతే వచ్చి నెగెటివ్ అని తేలినా, గత మూడు నెలల్లో రిస్క్ ఉంటే మళ్లీ పరీక్ష తప్పదు.

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) వాడేవాళ్లకు ఈ కిట్లు వద్దు. తప్పుడు నెగెటివ్ వస్తే, అది చూసి మందులు మానేసే ప్రమాదం ఉంది.

వాడిన కిట్ పడేయడానికి నల్ల కవరు కూడా ఇవ్వండి. ఆరుగురుండే రేకుల గదిలో, చెత్తబుట్టలో కనబడిన గీతలే రహస్యం బయటపెడతాయి.