కోనసీమ నుంచి లదాఖ్‌కి ఫోర్ వీల్ డ్రైవ్‌లో: బయల్దేరే ముందు జాగ్రత్తలు

☐ ముందు బండి కిందకి దూరి చూడండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో తిరిగిన బండికి ఛాసిస్, బ్రేకు పైపులు తుప్పు పట్టడం మామూలే. పైన పెయింటు మెరుస్తోందని నమ్మొద్దు.

☐ రేడియేటర్‌లో ఉత్తి నీళ్లుంటే తీసేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. మన డెల్టాలో ఇది ఎవరూ పట్టించుకోరు. అక్కడ సున్నా కిందకి దిగితే నీరు గడ్డకట్టి ఇంజన్ బ్లాకే పగలొచ్చు.

☐ ‘ఫోర్ లో’ (4L, నాలుగు చక్రాలకీ ఎక్కువ బలమిచ్చే నెమ్మది గేరు) పడుతోందా? ఏళ్ల తరబడి వాడని లివర్ మొరాయిస్తుంది. కోతలయ్యాక తెలిసినవాళ్ల చేలో నడిపి చూడండి. పార్ట్ టైమ్ రకమైతే (అవసరమైనప్పుడే లివర్‌తో ఫోర్ వీల్ వేసుకునేది) పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దు, ముందు వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది.

☐ లాగుడు తాడు టో బాల్‌కి (వెనక ట్రైలర్ తగిలించే గుండుకి) కట్టకండి, అది ఊడితే ప్రాణాలే పోతాయి. ఛాసిస్‌కి బిగించిన రికవరీ హుక్కులకే కట్టాలి. తాడు మీద బరువైన దుప్పటి వేసి, మనుషుల్ని దూరం పంపండి.

☐ గాలి పంపు, ప్రెషర్ గేజ్, జాకీ కింద పెట్టడానికి వెడల్పాటి చెక్క.

☐ ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, డీజిల్ ఫిల్టర్.

☐ ఆవకాయ జాడీతో సహా బరువైనవన్నీ లోపల కిందే. క్యారియర్ మీద టెంటు, పరుపులు చాలు.

☐ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల గడువు.