పాలు–నీళ్ల లెక్కలో ఆన్సర్ కలవడం లేదా? హారం చూడండి

తిరుపతిలో గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదివేవాళ్లకు అలిగేషన్ క్రాస్ (రెండు మిశ్రమాలను ఏ నిష్పత్తిలో కలపాలో తేడాలు అడ్డంగా తీసి కనుక్కునే పద్ధతి) వెయ్యడం ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా మిశ్రమాల దగ్గర మార్కులు పోతూనే ఉంటాయి. లెక్క మొదటి నుంచి మళ్లీ చేసే ముందు ఒకటి చూసుకోండి: రెండు క్యాన్లు కలిపితే పాల శాతం ఆ రెంటి మధ్యలోనే పడాలి. 60 శాతం, 75 శాతం కలిపి 78 వచ్చిందంటే ఎక్కడో తారుమారైనట్టే. ఐదు సెకన్ల పని, దాన్నే అందరూ వదిలేస్తారు.

సమస్య: కొంత తీసి నీళ్లు పోసిన లెక్కలో పాలు మరీ తగ్గిపోతున్నాయి

40 లీటర్ల క్యాన్, పాలు–నీళ్లు 3:1. 8 లీటర్లు తీసి 8 లీటర్ల నీళ్లు పోశారు. 30 లీటర్ల పాలలోంచి 8 తీసేసి 22:18 అంటే తప్పు. తీసింది మిశ్రమం, అందులో పాలు 6, నీళ్లు 2. కాబట్టి పాలు 24, నీళ్లు 16, అంటే 3:2. ఇంకోసారి ఇలాగే చేస్తే, 40లో 8 తీశాక మిగిలేది 4/5 కాబట్టి పాలు 24 × 4/5 = 19.2, నిష్పత్తి 12:13. తీసినంతే పోసినప్పుడే ఈ గుణకారం వరసగా నడుస్తుంది. 8 తీసి 10 పోస్తే పాలు, నీళ్లు విడివిడిగా రాసుకోవాల్సిందే.

సమస్య: ఆన్సర్ ఆప్షన్లలో ఉంది, అయినా తప్పంటున్నారు

అసలు దెబ్బ ఇక్కడే. రెండు సమానమైన క్యాన్లు, ఒకదాంట్లో 3:1, ఇంకోదాంట్లో 3:2. నిలువుగా కూడితే 6:3, అంటే 2:1. పాలు 66.7 శాతం, మధ్యలోనే ఉంది కాబట్టి పైన చెప్పిన పరీక్షకూ దొరకదు. ఇలా కూడేవాళ్లుంటారని తెలిసే ఆప్షన్లలో 2:1 పెడతారు.

3:1లో మొత్తం 4 భాగాలు, 3:2లో 5. అలాగే కూడేస్తే ఒక క్యాను 4 లీటర్లు, ఇంకోటి 5 లీటర్లు అని మీకు తెలియకుండానే ఒప్పుకున్నట్టు. లెక్కలో క్యాన్లు సమానం అన్నారు కదా! 4, 5ల క.సా.గు. 20. మొదటిది 15:5, రెండోది 12:8. ఇప్పుడు కూడండి, 27:13. క్యాన్లు 20, 30 లీటర్లైతే పాలు 15 + 18, నీళ్లు 5 + 12, అంటే 33:17.

ఇదే తప్పు అలిగేషన్‌లో ఇంకో వేషంలో వస్తుంది. ఆ రెండు రకాలూ కలిపి 7:3 కావాలి, ఏ నిష్పత్తిలో కలపాలి? 3/1, 3/2, 7/3 పెట్టి క్రాస్ వేస్తే 5:4 వస్తుంది. 3/4, 3/5, 7/10 పెడితే 2:1. రెండోదే సరైనది. అలాగని 5:4 ఊరికే వచ్చిన అంకె కాదు. అది రెండు క్యాన్ల నుంచి వచ్చే నీళ్ల నిష్పత్తి. మొదటి రకం 20 లీటర్లలో నీళ్లు 5, రెండో రకం 10 లీటర్లలో 4. హారంలో ఏది పెడితే అలిగేషన్ దాని నిష్పత్తే ఇస్తుంది. హారంలో నీళ్లుంటే నీళ్లది, మొత్తం ఉంటే మొత్తానిది. లీటరు ధర పెడితే లీటర్లు, లాభ శాతం పెడితే కొన్న ధరలు. క్రాస్ వేసే ముందు పక్కన "దేని మీద?" అని రాసుకోండి.

చిత్తూరు వైపు తోతాపురి మామిడి గుజ్జు పనిలోనూ ఇదే చిక్కు. 14 బ్రిక్స్ (తీపి కొలత, అంటే చక్కెర శాతం) గుజ్జులో 50 బ్రిక్స్ చక్కెర పాకం కలిపి 20 తేవాలంటే 5:1. బ్రిక్స్ బరువు మీద శాతం కాబట్టి అవి 5 కిలోలకు 1 కిలో. లీటర్లతో కొలిస్తే పాకం ఎక్కువ బరువు కాబట్టి తీపి 20 దాటుతుంది.

మిగిలినవి

మిల్లీలీటర్లు, లీటర్లు కలిసిపోవడం అరుదు, చూడగానే తెలుస్తుంది. ఆల్కహాల్, నీళ్లు 50 మి.లీ. చొప్పున కలిపితే 100 కన్నా కాస్త తగ్గే మాట నిజమే. పరీక్ష లెక్కల్లో దాన్ని పట్టించుకోకండి.