మన గాలి, మన నీళ్ళు, మన హక్కు – 3వ పాఠం: పబ్లిక్ హియరింగ్‌లో మన మాట రికార్డులోకి ఎక్కించడం

పోయిన రెండు పాఠాల్లో ఆర్టీఐ పెట్టడం, కాగితాలు తెప్పించుకోవడం చూశాం కదా, ఈసారి ఆ కాగితాలు పట్టుకుని పబ్లిక్ హియరింగ్‌కి ఎలా వెళ్ళాలో చూద్దాం. ఊరి దగ్గర ఫ్యాక్టరీనో ప్లాంటో పెట్టడానికి కంపెనీకి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో నోటీసు వేస్తారే, అదే. ముందే ఒక సంగతి చెప్పేస్తా, అక్కడ ఓటింగ్ ఉండదు. ఎంతమంది వద్దన్నారు, ఎంతమంది కావాలన్నారు అని తలలు లెక్కపెట్టి పర్మిషన్ ఇవ్వరు, ఆపరు కూడా. పైన నిపుణుల కమిటీ ముందుకి వెళ్ళేది మినిట్సు (అక్కడ ఎవరేం మాట్లాడారో అధికారులు రాసే రికార్డు), వీడియో, మనం రాసిచ్చిన అభ్యంతరాలు. ఆ కమిటీవాళ్ళు మన ఊరు చూసుండరు, వాళ్ళకి మన ఊరంటే ఆ కాగితాల్లో ఉన్నదే. అందుకే మన మాట ఆ కాగితాల్లోకి ఎక్కాలి, అదీ కంపెనీ జవాబు చెప్పకుండా దాటేయలేని విధంగా ఎక్కాలి.

రూల్ ఎక్కడుందంటే 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణం మీద పడే ప్రభావం అంచనా) నోటిఫికేషన్‌లో, హియరింగ్ ఎలా జరపాలో మొత్తం అపెండిక్స్ 4లో ఉంది, ఒక ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. నోటీసుకి, హియరింగ్‌కి మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. నోటీసు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో రావాలి. డ్రాఫ్ట్ ఈఐఏ రిపోర్టు, దాని సారాంశం కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత పంచాయతీలో జనం చూసుకోడానికి పెట్టాలి. పంచాయతీకి వెళ్తే "మాకేం రాలేదండీ" అన్నారనుకోండి, గొడవ పడొద్దు, ఫలానా తేదీన వచ్చాను, రిపోర్టు లేదు అని అక్కడికక్కడే రెండు లైన్లు రాసి సెక్రటరీకి ఇచ్చి ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకోండి, కాపీ ఒకటి పొల్యూషన్ బోర్డు ప్రాంతీయ ఆఫీసుకి కూడా పంపండి. తర్వాత అప్పీలుకి వెళ్ళాల్సొస్తే ఆ స్టాంపు కాగితం చాలా పనికొస్తుంది.

సారాంశం తెలుగులో ఉంటుంది, 10 పేజీలకి మించకూడదని రూలు. చాలామంది అది చదివి ఆపేస్తారు, నాకు బాధ కలిగేది అక్కడే, ఎందుకంటే అసలు సంగతులన్నీ ఆ లావుపాటి ఇంగ్లీషు రిపోర్టులో ఉంటాయి. ఊళ్ళో డిగ్రీ చదివే పిల్లల్ని ఇద్దర్ని కూర్చోబెట్టుకుని చదివించుకోండి, మొత్తం అక్కర్లేదు, ముందు భూమి గురించి ఏం రాశారు, చుట్టుపక్కల చెరువులు వాగులు ఏవేవి చూపించారు, నీళ్ళు ఎక్కడ్నుంచి తెచ్చుకుంటామంటున్నారు, శాంపిల్స్ ఏ నెలల్లో తీశారు, ఈ నాలుగూ చూడండి చాలు. శాంపిల్స్ ఎండాకాలంలో తీసి, వానాకాలంలో పారే వాగు గురించి ఒక్క ముక్క రాయకపోతే అది మనం పట్టుకోవాల్సిన పాయింటే.

భూమిని ఏమని రాశారన్నది ఎంత పెద్ద విషయమో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూస్తే తెలుస్తుంది. థర్మల్ ప్లాంటుకి ఇచ్చిన చోటు అక్కడివాళ్ళు బీల అని పిలుచుకునే చిత్తడి నేల, చేపలు, సాగునీళ్ళు, పశువుల మేత అన్నీ దానిమీదే. అది పనికిరాని భూమి కాదు మహాప్రభో అని జనం మొత్తుకున్నారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు, సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ (అప్పట్లో పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్ళు వినే సంస్థ) ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల నిజం ముందే, కాగితాల దగ్గరే ఒప్పుకునుంటే ఆ ప్రాణాలు పోయేవి కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

సరే, ఇప్పుడు అభ్యంతరం రాద్దాం. "ఈ ఫ్యాక్టరీ మాకొద్దు, మా బతుకులు నాశనమైపోతాయి" అని రాస్తే అది నిజమే అయినా మినిట్సులో "కొందరు వ్యతిరేకించారు" అన్న ఒక్క లైనుగా మారిపోతుంది. అదే ఇలా రాయండి:

"డ్రాఫ్ట్ ఈఐఏ రిపోర్టు ఫలానా పేజీలో మా గ్రామం ఫలానా సర్వే నంబరును సాగులో లేని భూమిగా చూపించారు. ఆ నంబరులో చెరువు ఉంది, దాని కింద ఆయకట్టు ఉంది, మా మంచినీళ్ళ బోరు ఆ గట్టు పక్కనే ఉంది. అడంగల్ నకలు, గ్రామ నక్షా, ఫోటోలు జతచేశాను. నీటి మీద ప్రభావం గురించిన అధ్యాయంలో ఈ చెరువు ప్రస్తావనే లేదు. దీన్ని లెక్కలోకి తీసుకుని అధ్యయనం మళ్ళీ చేయించాలి, అప్పటిదాకా అనుమతికి సిఫారసు చేయొద్దు."

చూశారా, పేజీ ఉంది, సర్వే నంబరు ఉంది, రుజువు ఉంది, మనకేం కావాలో ఉంది. దీన్ని ఒక్క లైనులో తేల్చేయలేరు, ఎందుకంటే హియరింగ్‌లో వచ్చిన ముఖ్యమైన పర్యావరణ అభ్యంతరాలన్నిటికీ కంపెనీ ఫైనల్ రిపోర్టులో జవాబు ఇవ్వాలని అదే నోటిఫికేషన్ చెప్తోంది. ఒక కాగితంలో ఒక్క విషయమే రాయండి, పది విషయాలు కలిపేస్తే తేలిగ్గా ఉన్నదానికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు.

"మేం సైంటిస్టులం కాదు కదా, విషం కలుస్తుందని మేమెలా నిరూపిస్తాం" అని చాలామంది వెనక్కి తగ్గుతారు, తగ్గొద్దు. హైదరాబాద్ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల దగ్గర ఫ్యాక్టరీ విషయంలో పొల్యూషన్ బోర్డు వర్సెస్ ఎం.వి.నాయుడు కేసులో 1999లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, హాని ఉండదని చూపించాల్సిన భారం ఆ పరిశ్రమ పెట్టాలనుకునేవాళ్ళ మీదే ఉంటుందని. కాబట్టి మీరు అనుమానం స్పష్టంగా చెప్పండి, జవాబు వాళ్ళని చెప్పమనండి.

హియరింగ్ రోజు పెద్దగా చెప్పేదేం లేదు. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ కంపెనీని వివరణ అడిగే హక్కు ఉంది, కాబట్టి టైమైపోయిందంటే ఆ రూల్ చూపించి మర్యాదగానే నిలబడండి. మైకులో పేరు, ఊరు చెప్పి, రాసుకున్నది చదివి, కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. రాలేనివాళ్ళు రాతపూర్వకంగా పంపినా చెల్లుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అయిపోగానే లేచి వెళ్ళిపోవద్దు. చివర్లో మినిట్సు స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. మీ పాయింటు రాకపోతే అప్పుడే లేచి అడగండి, కెమెరా ఆన్‌లో ఉండగానే.

వచ్చే పాఠానికి హోంవర్క్: మీ జిల్లాలో జరిగిన ఏదో ఒక హియరింగ్ మినిట్సు పొల్యూషన్ బోర్డు వెబ్‌సైట్‌లో గానీ ఆర్టీఐతో గానీ సంపాదించి, ఎన్ని అభ్యంతరాలకి కంపెనీ "పరిశీలిస్తాం" అని మాత్రమే రాసిందో అండర్‌లైన్ చేయండి. 4వ పాఠంలో గ్రీన్ ట్రిబ్యునల్, అంటే పర్యావరణ కేసులు వినే కోర్టులాంటిది. అనుమతి మీద అప్పీలుకి 30 రోజులే గడువు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60, ఆపైన తలుపు మూసేస్తారు. అనుమతి వచ్చిందని కంపెనీ రెండు లోకల్ పేపర్లలో ప్రకటన వేయాలి, కాబట్టి ఎవరి ఊళ్ళో హియరింగ్ అయిపోయిందో వాళ్ళు రోజూ పేపర్ చూస్తూ ఆ కటింగ్ తేదీతో సహా దాచి పెట్టండి.